చెరకు తోటల్లో ప్రభువు ముఖం చూసిన పాదిరి

మన సంఘ క్యాలెండర్లలో ఏప్రిల్ 5కు ప్రత్యేకమైన గుర్తేమీ ఉండదు. 1940లో ఆ రోజున చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ అయ్యగారు కలకత్తాలో ప్రభువునందు నిద్రించారు. గాంధీ సినిమా చూసినవారికి ఆయన గుర్తుండవచ్చు. అందులో రైలు పెట్టె పైకెక్కి కూర్చున్న తెల్ల పాదిరి ఆయనే. సినిమాలో ఆయన కనబడేది కొద్దిసేపు, చల్లగా నవ్వి వెళ్లిపోతారు. అసలు మనిషి అంత తేలికగా వెళ్లిపోయే రకం కాదు. పోయిన చోటికి మళ్లీ పోయేవారు, అక్కడివారి పని తేలేదాకా వదిలేవారు కారు. పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులకు ఆయన మూడుసార్లు వెళ్లారు. ఆ దీవుల్లో మన తెలుగువారున్నారు. ఈ వారం ఆయన కథ చెప్పుకోవాలని మేము అనుకోవడానికి కారణం అదే.

ఇంకో కారణం కూడా ఉంది. నల్లకుంటలో గానీ, చిక్కడపల్లి, నారాయణగూడల్లో గానీ ఏ సంఘాన్ని చూసినా, బృందంగా వేరే దేశానికో దీవికో పరిచర్య యాత్రకు వెళ్లిరావడం ఇప్పుడు మామూలైంది. ముందు ఆదివారం వీడ్కోలు ప్రార్థన, ఒక బ్యానరు, విమానాశ్రయంలో ఫోటో, తిరిగొచ్చాక సాక్ష్యం. అందులో తప్పేమీ లేదు. వెళ్లినవారు అక్కడ ఏం చూశారు, చూసినదాన్ని తిరిగొచ్చాక ఏం చేశారు అన్న ప్రశ్న మాత్రం మన మధ్య అంతగా వినబడదు. 1915లో ఇద్దరు మనుషుల చిన్న బృందం ఒకటి ఓడెక్కి వెళ్లి, సుమారు ఐదు వారాలు ఫిజీలో తిరిగి వచ్చింది. దాని ఫలితం వేలమంది జీవితాల మీద పడింది. ఆ ఇద్దరిలో ఒకరు ఆండ్రూస్.

ఆయన 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండు ఉత్తరాన న్యూకాజిల్‌లో పుట్టారు. తండ్రి జాన్ ఎడ్విన్ ఆండ్రూస్ కాథలిక్ అపొస్తలిక్ చర్చి అనే చిన్న శాఖలో కాపరి. ప్రభువు రాకడ రేపో మాపో అని నమ్మి ఎదురుచూసే విశ్వాసులు వాళ్లు. మన పెంతెకొస్తు ఇళ్లలో పెరిగినవారికి ఆ ఇంటి వాతావరణం కొత్తగా అనిపించదు. కుటుంబం బర్మింగ్‌హామ్‌కు మారింది. నమ్మి డబ్బు అప్పగించిన ఒక స్నేహితుడు మోసం చేయడంతో తల్లికి వచ్చిన ఆస్తి పోయింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో తండ్రి ఆ మనిషిని శపించలేదు, అతని కోసమే ప్రార్థించాడు. చార్లెస్ అప్పటికి చిన్నపిల్లవాడు. పెద్దయ్యాక రాసిన ఆత్మకథలో ఆ రాత్రిని ఆయన ప్రత్యేకంగా తలచుకున్నారు.

1890లో కేంబ్రిడ్జి వెళ్లేముందు ఆయనకు లోతైన మారుమనస్సు అనుభవం కలిగింది. తర్వాత తండ్రి శాఖను విడిచి ఇంగ్లండు సంఘంలో చేరారు. 1897లో గురువుగా అభిషేకం పొందారు. లండన్ దక్షిణాన వాల్‌వర్త్ అనే పేదల పేటలో కళాశాల మిషన్ పని చేశారు. తరువాత కేంబ్రిడ్జిలో గురువులను తయారుచేసే వేదపాఠశాలలో ఉపాధ్యక్షులయ్యారు. కుర్చీ ఉంది, పేరుంది, ముందు ముందు బిషప్ కాగల దారి కూడా ఉంది. కానీ ఆయన ప్రాణస్నేహితుడు బాసిల్ వెస్ట్‌కాట్ ఇండియాకు మిషనరీగా వచ్చి 1900లో కలరాతో చనిపోయాడు. ఆ ఖాళీ ఆండ్రూస్‌ను పిలిచింది. 1904 మార్చిలో ఢిల్లీ చేరి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో పాఠాలు మొదలుపెట్టారు.

రెండేళ్లకే ఒక పరీక్ష ఎదురైంది. కళాశాలకు ప్రిన్సిపాల్ కావాలి. ఆండ్రూస్ ఇంగ్లీషువాడు, కేంబ్రిడ్జి మనిషి, అందరి కళ్లూ ఆయన మీదనే. కానీ అక్కడ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ క్రైస్తవుడు ఉన్నారు. తెల్లవాడు ఉండగా నల్లవాడి కింద పనిచేయడమా అని మిషన్ పెద్దలు వెనుకాడారు. రుద్రను దాటి ఆ పదవి తాను తీసుకోనని ఆండ్రూస్ పట్టుబట్టారు. 1906లో రుద్ర ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ తర్వాత నాలుగేళ్లకు ఎడిన్‌బరో మహాసభలో మన దోర్నకల్ అజరయ్య గారు పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి, త్యాగాలు చాలా చేశారు, మాకు స్నేహితులు కావాలి అన్న భావంతో మాట్లాడి సభను కుదిపేశారు. ఆ మాట పుట్టకముందే దాన్ని చేసి చూపినవారు ఒకరు ఢిల్లీలో ఉన్నారని మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి.

1912లో లండన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్‌తో పరిచయమైంది. 1914 జనవరి మొదట్లో గోఖలే కోరిక మీద, విలియం పియర్సన్ అనే స్నేహితునితో కలిసి దక్షిణాఫ్రికా వెళ్లారు. డర్బన్ రేవులో దిగగానే గాంధీ ఎవరో అడిగి తెలుసుకుని, వంగి ఆయన పాదాలు ముట్టుకున్నారు. అక్కడి తెల్లవారి పత్రికలు మండిపడ్డాయి. తల్లి మరణవార్త కూడా ఆయనకు ఆ నేల మీదనే అందింది. గాంధీకీ జనరల్ స్మట్స్‌కూ మధ్య రాజీ కుదరడానికి ఆయన చేసిన రాయబారం గురించి చాలామంది రాశారు, మేము దాని దగ్గర ఆగం. ఒక్క సంగతి చెప్తాం. ఒప్పంద కూలీ అంటే ఏమిటో ఆండ్రూస్ మొదటిసారి దగ్గరగా చూసింది అక్కడి చెరకు తోటల్లోనే. దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఒక కూలీ ఒంటిమీద మచ్చలు ఆయన కళ్లలో ఉండిపోయాయి.

1915లో శాంతినికేతన్‌లో ఆయనకు కలరా సోకింది. ఫీవర్ ఆసుపత్రి పక్కన బతికే మన నల్లకుంట వాళ్లకు కలరా అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. సెలైన్ సీసాలు సులువుగా దొరకని కాలమది. చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డారు. కోలుకోవడానికి సిమ్లా పంపారు. ఫిజీకి తీసుకుపోయిన భారతీయ కూలీల గురించిన కాగితాలు ఆయన అక్కడ చదువుతూ ఉండేవారు. ఒక మధ్యాహ్నం వరండాలో కుర్చీలో పడుకుని ఉండగా నాటాల్‌లో చూసిన ఆ కూలీ కళ్లముందు నిలబడ్డాడు. చూస్తూ ఉండగానే ఆ ముఖం క్రీస్తు ముఖంగా మారింది. ఇది కలా, దర్శనమా, బలహీనమైన శరీరం చేసిన పనా అని వాదించుకోదలచినవారు వాదించుకోవచ్చు. ఆండ్రూస్ వాదించుకోలేదు. సెప్టెంబరులో ఓడెక్కారు.

ఫిజీ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఫిజీ 1874లో బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. అప్పటికే అది క్రైస్తవ దీవి. 1835లో మెథడిస్టు మిషనరీలు అక్కడ అడుగుపెట్టారు. ఒకప్పుడు నరమాంసం తిన్నారన్న పేరున్న ఆ నేలమీద రెండు తరాలలో ఊరూరా గుడి లేచింది, ఆదివారం గంట మోగింది. మిషన్ చరిత్ర చెప్పేవారు ఈ భాగాన్ని ఉత్సాహంగా చెప్తారు, చెప్పవలసిందే. అయితే అదే దీవికి చెరకు తోటలు వచ్చాయి. ఫిజీ జనాన్ని తోటల్లో మగ్గపెట్టకూడదని మొదటి గవర్నరు ఆర్థర్ గోర్డన్ నిర్ణయించాడు. మంచి నిర్ణయమే. మరి ఆ తోటల్లో మగ్గేది ఎవరు? జవాబు ఇండియాలో దొరికింది. 1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ కలకత్తా నుండి మొదటి కూలీలను దింపింది. 1916 నవంబరు దాకా అలా 60 వేల పైచిలుకు మంది వెళ్లారు.

1903 నుండి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు మొదలయ్యాయి. దక్షిణాది నుండి వెళ్లినవారు మొత్తం సుమారు 15 వేలు. ఉత్తర ఆర్కాటు, తంజావూరు, మలబారు వాళ్లతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు అందులో ఉన్నారు. కరవు తరిమినవాళ్లు, ఇంట్లో గొడవపడి బయటికొచ్చినవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు, మంచి పని ఇప్పిస్తానన్న దళారిని నమ్మినవాళ్లు. ఫిజీ ఎక్కడుందో వాళ్లలో చాలామందికి తెలియదు. వేలిముద్ర వేసిన ఆ అగ్రిమెంటును పలకలేక గిర్మిట్ అన్నారు. ఆ మాటే వాళ్ల జాతి పేరైపోయింది.

గిర్మిట్ ఐదేళ్లు. రోజుకు ఇచ్చిన పని పూర్తి చేస్తే మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పని పూర్తి కాకపోతే కూలి తెగుతుంది. పనికి రాకపోవడం కూలీల విషయంలో నేరం, దానికి కోర్టు, జరిమానా, జైలు ఉన్నాయి. ఐదేళ్లయ్యాక స్వేచ్ఛ వస్తుంది గానీ, ఉచితంగా ఇంటికి పంపాలంటే మరో ఐదేళ్లు ఆ దీవిలోనే ఉండాలి. ఉండే చోటును లైన్లు అనేవారు. రేకుల కప్పు కింద పొడవాటి చెక్క షెడ్డు, దానిని 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గదులుగా కోశారు. ఒక గదిలో ముగ్గురు మగవాళ్లు, లేదా ఒక కుటుంబం. మధ్య గోడలు కప్పు దాకా ఉండవు. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ గదులు చూసినవారికి ఈ కొలత అందుతుంది. ఆ పిల్లలు వద్దనుకుంటే సంచి సర్దుకుని ఊరికి వెళ్లిపోగలరు, అదొక్కటే తేడా.

అన్నిటికంటే ఘోరమైనది ఇంకొకటి. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లను ఎక్కించాలని నిబంధన. ఆ నలభై కోసం దళారులకు ఆడవాళ్ల మీద ఎక్కువ ధర గిట్టేది. లైన్లలో ఆ లెక్క ఏం చేసిందో ఊహించుకోవచ్చు. ఒంటరి స్త్రీకి రక్షణ లేదు, పెళ్లికి విలువ లేదు, హత్యలు, ఉరితాళ్లు. ఇలాంటి కూలీలు వెళ్లిన దేశాలన్నిటిలో ఆత్మహత్యలకు ఫిజీ పేరుమోసింది. 1913లో కుంతి అనే స్త్రీ కథ ఇండియా పత్రికల్లో వచ్చింది. ఓవర్సీరు తన మీదికి రాగా ఆమె నదిలోకి దూకి మానం కాపాడుకుంది. ఆ కథ చదివి దేశమంతా ఉడికిపోయింది. ఫిజీలో ఇరవై ఒక్క సంవత్సరాలు గడిపి తిరిగొచ్చిన తోతారామ్ సనాఢ్య అనుభవాలు 1914లో హిందీ పుస్తకంగా వచ్చాయి.

తెలుగువాళ్ల కష్టానికి ఇంకొక పొర ఉంది. తోటల భాష హిందుస్తానీ. ఓవర్సీరు తిట్టేది ఆ భాషలో, సర్దారు పని చెప్పేది ఆ భాషలో, కోర్టులో దుబాసీ మాట్లాడేది ఆ భాషలో. గోదావరి నుండి వెళ్లినవాడికి తన బాధ చెప్పుకోవడానికి కూడా ముందు ఒక పరాయి భాష నేర్చుకోవలసి వచ్చింది.

మరి సంఘం ఏం చేస్తోంది? ఈ ప్రశ్నను తప్పించుకుని ఫిజీ మిషన్ చరిత్ర చెప్పడం న్యాయం కాదని మేము అనుకుంటాం. ఆదివారం గంట లైన్లకు కూడా వినబడేది. కానీ చాలాకాలం మిషన్ దృష్టి ఫిజీ జనం మీదే ఉంది, కూలీలు కంపెనీ సొత్తు అన్నట్టు నడిచింది. నడవనివాళ్లూ ఉన్నారు. 1897లో హానా డడ్లీ అనే ఆస్ట్రేలియా మెథడిస్టు సోదరి సువా పట్టణానికి వచ్చి, హిందుస్తానీలో మాట్లాడుతూ, లైన్ల చుట్టూ తిరిగి, దిక్కులేని పిల్లలను తన ఇంట్లోనే పెంచుకుంది. భారతీయులు ఆమెను అమ్మా అని పిలిచారు. సువాలో ఆమె పేరిట ఈనాటికీ ఉన్నత పాఠశాల ఉంది. ఆమె తర్వాత వచ్చిన జె. డబ్ల్యు. బర్టన్ అనే పాదిరి లైన్లలో చూసినదంతా 1910లో పుస్తకంగా అచ్చువేయించాడు. తోటల యజమానులకు కోపం వచ్చింది. వాళ్లలో చాలామంది చర్చి సభ్యులేనని, కానుకలిచ్చేవాళ్లేనని మరచిపోకూడదు. కాపరులుగా పనిచేస్తున్నవారికి ఆ పుస్తకం అచ్చువేయించడానికి ఎంత ధైర్యం కావాలో తెలుస్తుంది.

ఆండ్రూస్, పియర్సన్ 1915 చివర్లో ఫిజీలో దిగేనాటికి ఇదీ పరిస్థితి. వాళ్లను ఏ ప్రభుత్వమూ పంపలేదు, ఏ మిషన్ బోర్డూ జీతమివ్వలేదు. పియర్సన్ ఇంతకుముందు లండన్ మిషన్ తరఫున కలకత్తాలో పనిచేసినవాడు, ఇప్పుడు శాంతినికేతన్ ఉపాధ్యాయుడు. ఇద్దరూ తోటలకు వెళ్లారు, లైన్లలోకి వెళ్లారు, కూలీలతో కూర్చున్నారు, ఓవర్సీర్లతో మాట్లాడారు, మేజిస్ట్రేట్లను, డాక్టర్లను, మిషనరీలను కలిశారు. యజమానులను రాక్షసులుగా చిత్రించాలన్న తొందర వాళ్లకు లేదు. మంచిగా చూసే తోట ఉంటే మంచిదనే రాశారు. ఆ నివేదికకు బలం వచ్చింది అక్కడినుండే. ఫలానా ఓవర్సీరు చెడ్డవాడు అంటే ప్రభుత్వం అతన్ని మార్చి చేతులు దులుపుకునేది. మంచి ఓవర్సీరున్న తోటలో కూడా మనుషులు చెడిపోతున్నారు, చచ్చిపోతున్నారు, కాబట్టి చెడు ఉన్నది ఒప్పందంలోనే అని వాళ్లు చూపించారు. సంస్కరణ పనికిరాదు, ఎత్తివేయాలి అన్నారు.

1916 ఫిబ్రవరిలో నివేదిక బయటికొచ్చింది. మార్చి 20న మదన్ మోహన్ మాలవీయ ఒప్పంద కూలీ విధానం రద్దు చేయాలని కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు, వైస్రాయి హార్డింజ్ సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. అందరూ సంతోషించారు. మన సాక్ష్యాలయితే ఇక్కడితో ముగిసిపోతాయి, చప్పట్లు కూడా అయిపోతాయి.

కానీ ఒప్పుకున్నాక లండన్‌లో లెక్కలు మొదలయ్యాయి. వేరే ఏర్పాటు జరిగేదాకా మరికొన్నేళ్లు కూలీలను పంపుతూ ఉండాలన్న ఆలోచన లోలోపల నడుస్తోందని ఆండ్రూస్‌కు తెలిసింది. మళ్లీ లేచారు. ఊరూరా తిరిగి మాట్లాడారు, రాశారు. దేశంలోని స్త్రీలు కదిలి వైస్రాయి దగ్గరకు ప్రతినిధి వర్గాన్ని పంపారు. 1917 మార్చిలో యుద్ధకాలపు చట్టం కింద కూలీల ఎగుమతి ఆగింది. కొత్త ఓడలు ఆగాయి సరే, అప్పటికే లైన్లలో గిర్మిట్ పూర్తికాని వేలమంది మాటేమిటి? ఆ సంవత్సరమే ఆండ్రూస్ రెండోసారి, ఈసారి ఒంటరిగా, ఫిజీ వెళ్లారు. నెలల తరబడి ఉన్నారు. తోటల్లో పెద్దభాగం సిడ్నీలోని చక్కెర కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టి, తిరిగొస్తూ ఆస్ట్రేలియాలో సంఘాలను, స్త్రీల సమాజాలను కదిలించారు. నమ్మాలంటే మా మనిషిని పంపి చూస్తామన్నారు అక్కడి స్త్రీలు. కలకత్తాలో మిషనరీగా పనిచేసిన ఫ్లారెన్స్ గార్న్‌హామ్ అనే సోదరిని 1918లో పంపారు. ఆమె చూసి వచ్చి చెప్పినది ఆండ్రూస్ చెప్పినదాన్ని బలపరిచింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. మొదటి ప్రయాణం నుండి లెక్కేస్తే నాలుగేళ్ల పైన పట్టింది.

దీనబంధు అన్న పేరు ఆయనకు ఈ రోజుల్లోనే స్థిరపడింది. ఆయన పేరులోని సి, ఎఫ్, ఎ అనే పొడి అక్షరాలను క్రీస్తుకు నమ్మకమైన అపొస్తలుడు అని విప్పి చెప్పడం స్నేహితులకు అలవాటైంది.

ఇంత చేసినా అంతా బాగుపడిందా అంటే లేదు. దీన్ని దాచిపెట్టి వీరగాథ చెప్పడం మాకిష్టం లేదు. స్వేచ్ఛ వచ్చాక ఫిజీ నుండి వేలమంది ఇండియాకు తిరిగొచ్చారు. ఊళ్లో కులం వాళ్లు వెలివేశారు, అన్నదమ్ములు భూమిలో వాటా లేదన్నారు. ఫిజీలో పుట్టిన పిల్లలకు ఇక్కడి ఎండలు, జ్వరాలు పడలేదు. కలకత్తా దగ్గర మటియాబురుజులో వాళ్లు గుంపులుగా చేరి, మమ్మల్ని తిరిగి ఫిజీకే పంపండి అని ఓడల ఆఫీసుల చుట్టూ తిరిగారు. విడిపించడమే చాలదని, విడుదలైనవాడు నిలబడడానికి ఒక చోటు కావాలని ఆండ్రూస్‌కు అక్కడ తెలిసింది. ఆ బురదలో కూడా ఆయన తిరిగారు. ఐగుప్తు వదిలి వచ్చినవాళ్లు మళ్లీ ఐగుప్తు కోసం ఏడ్చారన్న సంగతి మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాం, విన్నాం. ఏడ్చినవాళ్లను నిందించడమే వాటిలో ఎక్కువ.

మిగతా జీవితం వేగంగా చెప్తాం. 1919లో పంజాబు దారుణాల తర్వాత ఊళ్లకు వెళ్లి, తన జాతి చేసినదానికి క్షమాపణ అడిగారు. 1921లో అస్సాం టీ తోటలు వదిలి చాంద్‌పూర్‌లో చిక్కుకుని కలరాతో చస్తున్న కూలీల మధ్య పనిచేశారు. 1924లో ఢిల్లీలో గాంధీ 21 రోజుల ఉపవాసం విరమించినప్పుడు, కల్వరి సిలువను గురించిన ఐజక్ వాట్స్ కీర్తనను ఆ గదిలో పాడింది ఆయనే. కెన్యా, దక్షిణాఫ్రికా మళ్లీ మళ్లీ వెళ్లారు. బట్టలు ఎవరికో ఇచ్చేసేవారు, సామాను రైల్లో మరచిపోయేవారు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టలేదు. ప్రాణస్నేహితుడు పియర్సన్ 1923లో ఇటలీలో రైలు ప్రమాదంలో పోయాడు.

1936లో మూడోసారి ఫిజీ వెళ్లారు. ఈసారి తగువు కూలి గురించి కాదు, శాసనసభలో భారతీయులు ఎన్నికవ్వాలా, నియమితులవ్వాలా అన్న దాని గురించి. పాత గిర్మిట్ కూలీల పిల్లలు అప్పటికి సొంతంగా చెరకు పండిస్తున్నారు, బడులు పెట్టుకుంటున్నారు. దక్షిణాది వాళ్లు 1926లో సంఘం కట్టుకున్నారు. తర్వాత 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం అని తమదంటూ ఒకటి ఏర్పరచుకున్నారు.

ఇక మన పాఠకులలో కొందరి మనసులో ఉండే మాట. ఈయన ఎంతమందికి బాప్తిస్మమిచ్చారు? ఆ లెక్కలో ఆండ్రూస్ దగ్గర చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. 1914లో విశ్వాస ప్రమాణాల్లో కొన్ని మాటలు మనస్ఫూర్తిగా చెప్పలేనని గురువు విధులు వదిలేసిన మాట కూడా నిజం. వేదపాఠశాలలో చదివినవారిగా ఆ విషయంలో ఆయనతో మేము ఏకీభవించం. ఆ ప్రమాణాలు సంఘం ప్రాణం పోసి కాపాడుకున్నవి, ఒకరి మనసు కుదుటపడనంత మాత్రాన తేలిక కావు. చివరి సంవత్సరాల్లో ఆయన మళ్లీ గురువుగా ప్రభువు బల్ల దగ్గర నిలిచారు, అందుకు సంతోషిస్తాం. కానీ ప్రమాణాల్లో ఒక్క మాట తప్పకుండా చదివిన తోట యజమానులు, వాళ్ల బల్లల దగ్గర ప్రార్థన చేసి భోంచేసిన పెద్దలు ఫిజీలో ఎందరో ఉన్నారు. నలభైమంది ఆడవాళ్ల లెక్క వాళ్లకు తెలుసు. రాకపోకల్లో లైన్లు కనబడుతూనే ఉన్నాయి. గాయపడినవాణ్ని దాటిపోయిన యాజకుడి సిద్ధాంతంలో తప్పు ఉందని సువార్త ఎక్కడా చెప్పదు. దాటిపోయాడని మాత్రమే చెప్తుంది.

ఈ వాదన మాకు పాత చరిత్ర కాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ఇళ్లలో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి లేని ఇల్లు వెతకాలి. కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్తున్నారు. దళారి చెప్పేది ఒక పని, దిగాక ఇచ్చేది ఇంకొకటి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఆ నగరాలన్నిటిలో తెలుగు ఆరాధనలు ఉన్నాయి, ఇక్కడినుండి ప్రసంగీకులు వెళ్తూనే ఉన్నారు, మంచి కూడికలు జరుగుతున్నాయి. శుక్రవారం ఆరాధనకు రాగలిగినవాళ్లను కలిసి వస్తున్నారు. సెలవు దొరకనివాళ్లు ఆరాధనకు రారు. వాళ్లుండే కార్మికుల క్యాంపు పది మైళ్ల అవతల ఉంటుంది. అక్కడికి కారులో ఒక గంట. వెళ్లే బృందాలు తమ ప్రయాణ పట్టికలో ఆ గంట పెట్టుకోవాలని, తిరిగొచ్చాక చూసినదాన్ని రాసి ఇక్కడి అధికారులకు, సంఘ పెద్దలకు ఇవ్వాలని మేము అడుగుతున్నాం. ఫోటోల సంగతి తర్వాత చూద్దాం.

ఫిజీ కథకు ఈ మధ్య ఒక అధ్యాయం చేరింది. అక్కడి మెథడిస్టు సంఘంలో చాలామంది 1987లో భారతీయుల ప్రభుత్వమన్న కోపంతో జరిగిన సైనిక కుట్రను సమర్థించారు. ఆ తర్వాత వేల భారతీయ కుటుంబాలు, వాటిలో తెలుగు ఇంటిపేర్లవి కూడా, ఆస్ట్రేలియాకూ న్యూజీలాండ్‌కూ వెళ్లిపోయాయి. కుట్ర చేసిన సైనికాధికారి సితివేని రబుకా తర్వాత ప్రధాని అయ్యారు. జై రాం రెడ్డి అనే భారతీయ నాయకుడు అదే రబుకాతో కూర్చుని 1997లో కొత్త రాజ్యాంగానికి ఒప్పందం కుదుర్చుకున్నారు, ఫిజీ తెగల పెద్దల మహాసభలో నిలబడి మాట్లాడిన మొదటి భారతీయ నాయకుడయ్యారు. 2023లో ఫిజీ ప్రభుత్వం గిర్మిట్ దినాన్ని సెలవుదినంగా ప్రకటించింది. ఆ మే 14న, లియోనిదాస్ వచ్చిన తేదీనాడే, సువాలో పెద్ద ఆరాధన జరిగింది. మెథడిస్టు సంఘ అధ్యక్షుడు గిర్మిట్ సంతతివారి ముందు తన సంఘం తరఫున క్షమాపణ కోరారు. రబుకా కూడా కోరారు. భారతీయ సమాజం ప్రతినిధులు ఆ క్షమాపణను స్వీకరించారు.